జవాబు పాడి చూపించాలి

గేదె కొమ్మును బొగ్గుల మీద వేడిచేసినప్పుడు వచ్చే వాసన బాగుంటుందని ఎవరూ అనరు. కాలిన వెంట్రుకల కమురుకు దగ్గరగా ఉండి, ముక్కులో చాలాసేపు నిలిచిపోతుంది. ఈమధ్య విశాఖపట్నంలో ఒక హస్తకళల ప్రదర్శనకు వెళ్లినప్పుడు, చీరల దుకాణాల వరస దాటి మూల తిరిగేసరికి ఆ వాసన తగిలింది. పర్లాకిమిడి నుంచి వచ్చిన పనివాడొకడు కొంగ మెడకు వంపు తీర్చడానికి కొమ్ము ముక్కను వేడిచేస్తున్నాడు. ధర అడుగుదామని నిలబడిన నేను ఆ మాటే మరిచిపోయాను. నా కుడి చెయ్యి దానంతట అదే ఎడమ అరచేతి మీద ఆదితాళం వెయ్యడం మొదలుపెట్టింది: ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. పక్కనున్న మా అబ్బాయి వింతగా చూశాడు. వాడికి చెప్పబోయి, ఇది జనంలో నిలబడి చెప్పే సంగతి కాదని ఊరుకున్నాను. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మా తాతయ్యగారి ఇల్లు పర్లాకిమిడిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఆ జమీందారీ రెండుగా చీలి ఊరు అటు పడింది గానీ, మహేంద్రతనయ దాటి కాస్త ముందుకు వెళితే పాతపట్నం, అంటే ఆంధ్రదేశం వచ్చేస్తుంది. మా వీధిలో ఇళ్లల్లో తెలుగు, ప్రభుత్వ కచేరీల్లో ఒడియా, సంతలో రెండూ వినబడేవి. ఇంటి ముందు పొడవాటి అరుగు, అరుగుకు ఎదురుగా కొమ్ముపని చేసే బాబాయి కొట్టు. ఆయన మాకు చుట్టం కాదు. ఆ వీధిలో పెద్దవాళ్లందరూ పిల్లలకు ఏదో ఒక వరస అయ్యేవారు. పగలంతా దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చెక్కి, సాయంత్రం అయ్యేసరికి చేతులు కడుక్కుని మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. ఎంత కడుక్కున్నా ఆ వాసన మాత్రం ఆయనతోపాటే వచ్చేది. భజన మండలిలో తాళాలు ఆయనవే. బడికి పెద్దగా వెళ్లినవాడు కాదు గానీ లయ తప్పడం ఆయనకు చేతకాదని మృదంగం మామయ్య అంటుండేవాడు.

మృదంగం మామయ్య కూడా అదే పద్ధతిలో మామయ్య. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకుని వచ్చి, బతుకు కోసం బియ్యం మిల్లులో పద్దులు రాసేవాడు. పక్కింటి గుమాస్తాగారు ఒడియావారు, ఖజానా కచేరీలో ఉద్యోగం. తబలా వాయించేవారు, అక్షయ మహంతి పాటలు చక్కగా పాడేవారు, తెలుగు మాకంటే శుద్ధంగా మాట్లాడేవారు. తాతయ్య హైస్కూల్లో లెక్కలు చెప్పి విరమించినవారు. మామ్మ గుమ్మం లోపల పీట వేసుకుని, చేటలో బియ్యం ఏరుతూ కూర్చునేది. ఆవిడ సభలో ఉన్నట్టా లేనట్టా అన్నది ఎవరూ తేల్చలేదు, కాని సగం లెక్కలు లోపలినుంచే తేలేవి.

* * *

ఆట పుట్టడానికి కారణం కరెంటు. విశాఖపట్నం కేంద్రం ప్రసారం చేసే కచేరీ వినడానికి అందరూ చేరేవారు, సరిగ్గా రాగం ఎత్తుకునే సమయానికి కరెంటు పోయేది, రేడియో మూగబోయేది. లాంతరు వెలిగించి, కరెంటు వచ్చేదాకా కాలక్షేపానికి తాతయ్య ఒక రాత లెక్క ఇచ్చేవారు: ఇంత ధాన్యం, ఇంతమంది కూలీలు, ఇన్ని రోజులు. ఒకనాడు మామయ్యకు విసుగొచ్చింది. "పొద్దంతా మిల్లులో బస్తాల లెక్కలే, మళ్లీ ఇక్కడా బస్తాలేనా మాస్టారూ? పాడుకోవడానికి పనికొచ్చే లెక్క ఏదైనా ఇవ్వండి" అన్నాడు. తాతయ్య కాసేపు ఆలోచించి ఒక నియమం పెట్టారు. లెక్కకు జవాబు ఎంత వస్తే, ఆ సంఖ్య గల మేళకర్త రాగాన్ని జవాబు చెప్పినవాడు పాడి చూపించాలి. పాడలేకపోతే జవాబు సరైనదైనా తప్పుకిందే జమ. లెక్క ఇచ్చినవాడి తప్పిదం వల్ల జవాబు భిన్నంగా వస్తే అతను అందరికీ మరమరాలు కొనిపెట్టాలి.

మేళకర్తలు, అంటే తక్కిన రాగాలకు మూలమైన రాగాలు, 72 కదా. వాటి నంబర్లు గుర్తుంచుకోవడానికి పేర్లలోనే ఏర్పాటు ఉంది. కటపయాది లెక్కలో పేరులోని మొదటి రెండు అక్షరాలకు అంకెలు చూసుకుని, తిప్పి చదువుకోవాలి. మాయామాళవగౌళలో మా అంటే 5, యా అంటే 1, తిప్పితే 15. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, తిప్పితే 29. మేచకల్యాణి 65, ఖరహరప్రియ 22. ఎక్కాలు రాని వయసులోనే నాకివి వచ్చేశాయి. సంగీతం నేర్చుకున్నానని కాదు, మరమరాల పంపకంలో వాటా కావాలంటే ఇవి తెలిసి ఉండాలి.

కొత్త నియమం కింద మామయ్యే మొదటి లెక్క ఇచ్చాడు. "ఇద్దరు అన్నదమ్ములున్నారు. మధ్యమం ఒక్కటే తేడా, తక్కిన పోలికలన్నీ ఒకటే. ఇద్దరి నంబర్లూ కలిపితే 94. ఎవరు వాళ్లు?"

తాతయ్య పలక అందుకున్నారు. మొదటి 36 మేళాలకు శుద్ధ మధ్యమం, అంటే మ స్వరంలో కిందిది, తరవాతి 36కు ప్రతి మధ్యమం, అంటే దాని పైది, క్రమం మాత్రం అదే. కాబట్టి తమ్ముడు ఎప్పుడూ అన్నకు 36 మెట్లు అవతల ఉంటాడు. అన్న ఎక్స్ అయితే తమ్ముడు ఎక్స్ ప్లస్ 36, రెండూ కలిపితే 94, రెండు ఎక్స్‌లు 58, ఎక్స్ 29. ఆయన బలపం కింద పెట్టేలోపే కొమ్ముపని బాబాయి కళ్లు మూసుకుని శంకరాభరణం స్వరాలు కూనిరాగం తీసి, మధ్యమం దగ్గర ఆగి, దాన్ని పైకి జరిపి, కల్యాణిలోకి వెళ్లిపోయాడు. "ఈళ్లిద్దరే గదేటి?" అన్నాడు. నంబర్లు ఆయనకు తెలియవు. అన్నదమ్ములు అనగానే చెవికి ఆ జంట తోచింది, అంతే. ముందు ఎవరు తేల్చినట్టు అని చాలాసేపు వాదన జరిగింది. తాతయ్య ఏకరువు పెట్టిన ఆక్షేపణ సబబైనదే: ఆ పోలిక మాయామాళవగౌళకూ కామవర్ధనికీ కూడా ఉంది, వాటి మొత్తం 66, బాబాయికి 94 ఎలా తెలిసినట్టు? బాబాయి నవ్వి ఊరుకున్నాడు. కాని బడిలో జవాబు సరిపోయిందో లేదో పుస్తకం వెనక పేజీలో చూసుకునే నాకు, జవాబును చెవితో సరిచూసుకోవచ్చని తెలిసింది ఆ రాత్రే.

* * *

తాతయ్యకు లీలావతి అంటే ప్రాణం. భాస్కరాచార్యుడు 1150లో రాసిన ఆ గణితంలో లెక్కలన్నీ తుమ్మెదలు, నెమళ్లు, హంసలు, తామరలే. పావులూరి మల్లన పద్యాలు కూడా ఆయనకు కంఠస్థం. మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన ఆ కవి లేకపోతే మన భాషలో లెక్క పాడుకునే వీలే ఉండేది కాదని వాదించేవారు. ఆయన లెక్క అడిగితే ముందు శ్లోకం, తరవాత దానికి గ్రాంథికంలో తాత్పర్యం. ఒకసారి మామయ్య చేతులు జోడించి, "గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాస్టారూ ఇది. ఈ ఊళ్లో కూర్చుని గ్రాంథికంలో లెక్కలడగడం న్యాయమా?" అన్నాడు. తాతయ్య చదువుకున్నది గిడుగువారు పనిచేసిన రాజావారి బడిలోనే. ఆ దెబ్బతో ఆయన తుమ్మెదలు వాడుకభాషలోకి దిగాయి.

తుమ్మెదల గుంపులో అయిదో వంతు కడిమి పూలమీద వాలింది. మూడో వంతు శిలీంధ్ర పూలమీద వాలింది. ఆ రెండింటి తేడాకు మూడు రెట్లు కుటజ పూల దగ్గరకు పోయాయి. మిగిలిన ఒక్క తుమ్మెద మొగలి వాసనకూ మాలతి వాసనకూ మధ్య ఎటు పోవాలో తేలక గాలిలో తిరుగుతోంది. గుంపులో ఎన్ని?

అందరూ పలకల మీద వంగారు. లోపలినుంచి చేట చప్పుడు ఆగింది. "ముప్పై అనుకోండి" అంది మామ్మ. "అయిదో వంతు ఆరు, మూడో వంతు పది. తేడా నాలుగు, మూడు నాలుగులు పన్నెండు. ఇరవై ఎనిమిది పోయాయి, రెండు మిగిలాయి. మిగలవలసింది ఒక్కటే కదా? అయితే గుంపు కూడా సగమే. పదిహేను." మళ్లీ చేట చప్పుడు మొదలైంది.

తాతయ్య కళ్లజోడు తీసేశారు. సరిగ్గా ఈ పద్ధతినే భాస్కరుడు ఇష్టకర్మ అన్నాడనీ, ఇష్టం వచ్చిన సంఖ్యను ముందు పెట్టుకుని, వచ్చిన శేషాన్ని బట్టి దాన్ని సవరించుకోవడమే అందులో కిటుకనీ ఆయన వివరిస్తుంటే మామ్మ, "పేరేదైతేనేం, పది మందికి వండే కొలత తెలిస్తే పాతిక మందికి వండటం రాదా?" అంది. జవాబు 15, అంటే మాయామాళవగౌళ. సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా మొదట పట్టే సరళీ వరసలు ఆ రాగంలోనివే. నియమం ప్రకారం పాడవలసింది మామ్మే. పెళ్లయ్యాక పదిమందిలో పాడి ఎరగని మనిషి, బియ్యం ఏరుతూనే, తల ఎత్తకుండానే, సరళీ వరస మొదటిది మూడు కాలాల్లో పాడింది. గుమాస్తాగారు అరుగు మీద వేళ్లతో తబలా పట్టారు.

రెండో తుమ్మెదల లెక్క అంత తేలిగ్గా లొంగలేదు. గుంపులో సగానికి వర్గమూలం మాలతి పూలకు పోయింది, మొత్తంలో తొమ్మిదింట ఎనిమిది వంతులు కూడా పోయాయి. రాత్రి తామరలో చిక్కుకుని లోపల మూలుగుతున్న మగ తుమ్మెద ఒకటి, దానికి బయటనుంచి బదులు పలుకుతున్న ఆడ తుమ్మెద ఒకటి మిగిలాయి. మామ్మ ముప్పై ఆరన్నది, పద్ధెనిమిదన్నది, కుదరలేదు. వర్గమూలం ఉన్నచోట ఇష్టకర్మ చెల్లదని తాతయ్య పలక మీద చూపించారు: సంఖ్యను రెట్టింపు చేస్తే దాని మూలం రెట్టింపు కాదు. సగానికి మూలాన్ని ఎక్స్ అనుకుంటే గుంపు రెండు ఎక్స్ స్క్వేర్. అక్కడినుంచి రెండు వరసల్లో ఎక్స్ 6 అని తేలింది, గుంపు 72. ఆరు మాలతికి, అరవై నాలుగు మరోచోటికి, ఇద్దరు ప్రేమికులు. డెబ్బై రెండు అనగానే అరుగంతా గొల్లుమంది. ఆఖరి మేళం రసికప్రియ! రిషభమూ గాంధారమూ ఇరుకిరుకుగా, ధైవతమూ నిషాదమూ ఇరుకిరుకుగా ఉండే వివాది రాగం అది. దానికి గొంతు పెట్టడం మామయ్య ఒక్కడికే సాధ్యం. ఆయన కూడా అవరోహణలో రెండుసార్లు ఆగి, శ్రుతి సరిచూసుకుని, చివరికి ఒడ్డున పడ్డాడు. ప్రేమికుల లెక్కకు రసికప్రియ రావడం భాస్కరుడు ముందే చూసి పెట్టాడని గుమాస్తాగారు అన్నారు. 72 మేళాల ఏర్పాటు ఆయనకు కొన్ని వందల ఏళ్ల తరవాతిదని తాతయ్య ఎంత చెప్పినా ఆ రాత్రి ఎవరూ ఒప్పుకోలేదు.

అర్జునుడు కర్ణుడి మీద వేసిన బాణాల లెక్కకు మాత్రం జవాబు 100 వచ్చింది. వందో మేళం లేదు. మరమరాలు కొనాల్సింది తాతయ్యే అని తీర్మానించబోతుండగా ఆయన, "ఆవర్తనం పూర్తయితే ఏం చేస్తారు, తాళం ఆపేస్తారా? మళ్లీ మొదటి అక్షరం నుంచి లెక్కపెట్టరా?" అన్నారు. వందలో 72 పోతే 28, హరికాంభోజి. ఆ వాదనకు మామయ్య మురిసిపోయి తనే పాడాడు.

* * *

నాకు అన్నిటికంటే స్పష్టంగా గుర్తున్నది ముక్తాయింపు లెక్క. దానికి పలక కూడా అవసరం లేకపోయింది.

ముక్తాయింపు అంటే సంగీతం వినేవాళ్లకు తెలుసు: ఒకే జతిని, అంటే దరువు ముక్కను, మూడుసార్లు పలికి, మధ్యలో రెండు సమానమైన ఖాళీలు వదిలి, అది పూర్తికాగానే పల్లవి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడేలా చెయ్యడం. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రలు, మొత్తం 32. జతి పొడవు ఎక్స్, ఖాళీ పొడవు వై అయితే మూడు ఎక్స్‌లూ రెండు వైలూ కలిపి 32 కావాలి. ఎన్ని రకాలుగా కుదురుతుందని మామయ్య ప్రశ్న. మా అన్నయ్య అప్పుడు హైస్కూలు చివరి తరగతుల్లో ఉన్నాడు. పది-ఒకటి, ఎనిమిది-నాలుగు, ఆరు-ఏడు, నాలుగు-పది, రెండు-పదమూడు అని గబగబా అప్పజెప్పాడు. జతి రెండు తగ్గినప్పుడల్లా ఖాళీ మూడు పెరుగుతోంది. మామయ్య ఒక్కొక్కటీ మృదంగం మీద వాయించి, ఎనిమిది-నాలుగు దగ్గర తల ఊపాడు, రెండు-పదమూడు దగ్గర, "ఇది ముక్తాయింపు కాదురా, మధ్యలో నిద్రపోవడం" అన్నాడు. సమీకరణానికి అన్ని జవాబులూ ఒకటే, చెవికి కాదు.

అప్పుడు బాబాయి అడిగాడు: "తదిగిణతొం తో కుదరదేటి?" అందరికీ తెలిసిన, అందరూ వాయించే అయిదక్షరాల జతి అది. మూడయిదులు పదిహేను, 32లో పోతే 17, దాన్ని రెండు సమాన ఖాళీలుగా పంచడం కుదరదు. బేసి సంఖ్య కాబట్టి కానే కాదని అన్నయ్య కొట్టిపారేశాడు. బాబాయి చేతిలో సగం రుద్దిన దువ్వెన, ఒళ్లో ఆకురాయి ఉన్నాయి. మాటతో బదులు చెప్పకుండా ఆకురాయితో కొమ్ము మీద తాళం మొదలుపెట్టాడు. సమం దగ్గర వెంటనే ఎత్తుకోలేదు. ఒక్క మాత్ర ఊరుకుని, అప్పుడు ఎత్తుకున్నాడు: తదిగిణతొం, ఎనిమిది మాత్రల నిశ్శబ్దం, తదిగిణతొం, మళ్లీ ఎనిమిది, తదిగిణతొం, ఆకురాయి సమం మీద టక్కున ఆగింది. పదిహేను, పదహారు, 31. ముందు వదిలిన ఒకటితో 32. "మొదట ఒక మాత్ర ఊపిరి పీల్చుకుంటే సరిపోద్ది బాబూ" అన్నాడు. అన్నయ్య తరవాత చాలా పెద్ద చదువులు చదివాడు గానీ, ఆ ఒక్కటీ తనకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదని ఇప్పటికీ అంటాడు.

బుధవారం రాత్రులు మాత్రం లెక్కలకు సెలవు. ఎనిమిది గంటలకు రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతు వినబడితే గుమాస్తాగారు ఎవరినీ నోరెత్తనిచ్చేవారు కాదు. బినాకా గీత్‌మాలా అయిపోయాక ఆయనకు ఉత్సాహం వచ్చి, తబలా మీద పదక్షరాల ఝప్‌తాల్ పట్టి, ఆదితాళంతో పోటీకి రమ్మని మామయ్యను పిలిచేవారు. పదీ ఎనిమిదీ కలిసేది నలభయ్యో అక్షరం దగ్గర. ఇటు అయిదు ఆవర్తనాలు, అటు నాలుగు. ఇద్దరూ ఒక్కసారి సమం మీద పడినప్పుడు వీధిలో వెళ్లేవాళ్లు కూడా ఆగి చూసేవారు.

* * *

పర్లాకిమిడి చిన్నరైలు సంగతి చెప్పకపోతే ఆ ఊరివాళ్లు నన్ను క్షమించరు. రాజావారు వేయించిన ఆ రెండున్నర అడుగుల లైను 1900లో నౌపడ నుంచి మొదలైంది. దాని నడక మీద జిల్లాలో లెక్కలేనన్ని హాస్యాలు ఉండేవి. ఒక ఏడు త్యాగరాజ ఆరాధనోత్సవాలకు విజయనగరం వెళదామని అరుగు సభ్యులందరూ ఆ రైలెక్కారు. పాతపట్నం, టెంబూరు, టెక్కలి మీదుగా నౌపడ చేరి, అక్కడ పెద్దలైను పట్టుకోవాలి.

రైలు కదలగానే తాతయ్య, పట్టా పొడవు ముప్పై అడుగులనుకోమన్నారు. రెండు పట్టాలు కలిసే అతుకు దగ్గర చక్రం చేసే చప్పుడు ఇరవై సెకన్లలో ఎన్నిసార్లు వినబడితే, ఇంచుమించు గంటకు అన్ని మైళ్ల వేగం. గుమాస్తాగారి చేతి గడియారం చూసి లెక్కపెట్టాం. 12 వచ్చింది. ఇంత వేగం తాను ఊహించలేదని మామయ్య కంగారు నటించాడు.

ఆ చప్పుడు వింటూ వింటూ మామయ్యకు ఆదిభట్ల నారాయణదాసుగారు గుర్తొచ్చారు. విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు ఆయన. కాళ్లతో చేతులతో తలతో వేర్వేరు తాళాలు ఒకేసారి నడిపించేవారని ప్రసిద్ధి. "ఒక్కరు చేసింది మనం అయిదుగురం చెయ్యలేమా?" అన్నాడు. తిస్రం నాకు, చతురశ్రం బాబాయికి, ఖండం గుమాస్తాగారికి, మిశ్రం తనకు, సంకీర్ణం తాతయ్యకు పంచాడు. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది. ఒకే చప్పుడు మీద అందరూ మొదలుపెడితే మళ్లీ అందరి సమం ఒక్కచోట పడేది ఎప్పుడు? కనిష్ఠ సామాన్య గుణిజం 1260. అతుకుకు ఒక అక్షరం చొప్పున 37,800 అడుగులు, అంటే ఏడు మైళ్ల పైచిలుకు. ఆ రైలు వేగానికి 35 నిమిషాలు. పాతపట్నం దాటాక మొదలుపెట్టాం. పెట్టెలోని వాళ్లు ముందు మమ్మల్ని ఏదో మొక్కు తీర్చుకుంటున్న వాళ్లనుకుని తప్పుకుని కూర్చున్నారు. తరవాత జీడిపప్పు బుట్టతో ఎక్కిన ఒక ముసలాయన విషయం అడిగి తెలుసుకుని, నా తొడ మీద తట్టి తిస్రం నిలబెట్టాడు. నేను ఒంటరిగా అయితే పది నిమిషాలకే చెడేదాన్ని. మూడూ నాలుగూ పన్నెండు దగ్గర, అయిదుతో అరవై దగ్గర, ఏడుతో 420 దగ్గర కలుస్తూ పోయాయి. 840 దాటాక ఇంజను ఈలవేసి రైలు దారిలో ఎక్కడో ఆగిపోయింది. గేదెలు అడ్డం వచ్చాయి. రైలు ఆగితే అక్షరం లేదు కాబట్టి మేమందరం చేతులు గాలిలోనే పెట్టుకుని, ఎక్కడున్నామో మరిచిపోకుండా, గేదెలు పట్టా దిగేదాకా అలాగే కూర్చున్నాం. మిగిలిన నాలుగు వందల చిల్లర పూర్తయి, అయిదు చేతులూ ఒక్క దెబ్బ మీద పడినప్పుడు పెట్టెంతా చప్పట్లు కొట్టింది. గుమాస్తాగారు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎప్పుడో వెనకబడిపోయిన ఆ గేదెలకు నమస్కారం పెట్టారు.

ఆ లైను తరవాత పెద్దదైంది. ఇప్పటి రైలుకు వేగం ఉంది, పొడవాటి అతుకుల్లేని పట్టాలున్నాయి. దాని మీద తిస్రం లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు.

* * *

తాతయ్య పోయాక అరుగు సభ పలచబడింది. బాబాయి కొడుకు దగ్గరకు వెళ్లిపోయాడు. నేను బరంపురంలో చదువుకుంటున్న రోజుల్లో మామయ్య, గుమాస్తాగారు కలిసి ఒకసారి ఆ ఊరు వచ్చారు. అప్పటికి కేసెట్ల కాలం. పాటల జాబితా రాసిస్తే ఖాళీ కేసెట్‌లో నింపి ఇచ్చే కొట్లు బరంపురం నిండా వెలిశాయి. గుమాస్తాగారి అమ్మాయి పెళ్లికి పాటల కేసెట్ ఒకటి చేయించాలని వాళ్ల ప్రయత్నం.

అరవై నిమిషాల కేసెట్, అంటే వైపుకు ముప్పై. జాబితాలో పాత పాటలు మూడున్నర నిమిషాలవి, కాస్త కొత్తవి నాలుగున్నర నిమిషాలవి. కొట్టు మెట్ల మీద నిలబడే మామయ్య లెక్క వేశాడు: ఒక వైపును అర నిమిషాల్లో చూస్తే ఏడు ఎక్స్‌లూ తొమ్మిది వైలూ కలిపి 60, పూర్ణసంఖ్యల్లో ఒకే ఒక్క జవాబు, పాతవి ఆరు, కొత్తవి రెండు. చుక్క కూడా వృథా పోదని జాబితా కొట్టువాడి చేతిలో పెట్టాడు.

ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. జాబితా చూసి, "పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఏదండీ? అయిదు సెకన్లయినా వదలాలి కదా" అన్నాడు.

జీవితమంతా ముక్తాయింపుల మధ్య ఖాళీలు లెక్కపెట్టిన మనిషి మామయ్య. గుమాస్తాగారు మొహం పక్కకు తిప్పుకున్నారు, నవ్వు ఆపుకోలేక. మామయ్య ఆ కుర్రాడినే పెన్సిల్ అడిగి పుచ్చుకుని, మెట్టు మీద కూర్చుని, రసీదు పుస్తకం అట్ట వెనక మళ్లీ మొదలుపెట్టాడు. పాటలు ఎన్నయితే ఖాళీలు అంతకు ఒకటి తక్కువ. అన్నిటినీ అయిదు సెకన్ల ముక్కల్లోకి మారిస్తే పాత పాట 42, కొత్త పాట 54, ఖాళీ 1, మొత్తం 360. నలభై మూడు ఎక్స్‌లూ యాభై అయిదు వైలూ కలిపి 361. కాసేపు గొణుక్కుని, తొడ మీద చరిచి లేచాడు. పాతవి రెండు, కొత్తవి అయిదు. ఇరవై తొమ్మిదిన్నర నిమిషాలు. మధ్యన ఆరు ఖాళీలకు అర నిమిషం. ముప్పై నిమిషాలకు సెకను ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"అంటే నా పాతవి నాలుగు ఎగిరిపోతాయా?" అన్నారు గుమాస్తాగారు. ఏ నాలుగు తీసెయ్యాలన్న దాని మీద ఇద్దరూ కొట్టు ముందు ఎండలో నిలబడి, ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో, చాలాసేపు దెబ్బలాడుకున్నారు. చివరికి గుమాస్తాగారు జేబులోంచి ఇంకో నోటు తీసి బల్ల మీద పెట్టి, కుర్రాడితో, "అరవైది వద్దు బాబూ, తొంభైది ఇవ్వు. ఈయన్ని మాత్రం ఇంక లెక్క వెయ్యనివ్వకు" అన్నారు.